స్పిండిల్ కొనేముందు ఈ లెక్క వేసుకోండి: కిలోవాట్లు ఒక్కటే చూస్తే సరిపోదు



ఫోన్ కొనేటప్పుడు డబ్బా మీద 108 మెగాపిక్సెల్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. తీరా రాత్రిపూట ఫోటో తీస్తే ముఖం మసకమసగ్గా వస్తుంది. ఎందుకంటే ఫోటో బాగుండాలంటే మెగాపిక్సెల్ ఒక్కటే చాలదు, సెన్సార్ ఉండాలి, లెన్స్ ఉండాలి. సీఎన్‌సీ మెషిన్ల బ్రోషర్లలోనూ అచ్చం ఇదే కథ. "2.2 కిలోవాట్లు, 24,000 ఆర్‌పీఎం" అని రాసి ఉంటుంది. ఆ రెండు నంబర్లు చూసి లక్షలు పెట్టేసేవాళ్ళున్నారు. ఈరోజు ఆ రెండు నంబర్ల వెనకాల ఏముందో చూద్దాం. నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాబట్టి భయపడకండి, నాకు అర్థమైందంటే మీకూ అర్థమవుతుంది.

ముందు అసలు స్పిండిల్ అంటే ఏంటి? మన నాయనమ్మల కాలంలో రాట్నం ఉండేది కదా. అందులో గిర్రున తిరిగే సన్నటి ఇనుప ఊచని కదురు అంటారు. ఇంగ్లీషులో దాని పేరు స్పిండిలే. మెషిన్‌లో కూడా అంతే, తిరిగే ముఖ్యమైన షాఫ్ట్ అది. మిల్లింగ్ మెషిన్‌లో అయితే స్పిండిల్ కట్టర్‌ని పట్టుకుని తిరుగుతుంది. లేత్‌లో అయితే చక్‌తో జాబ్‌నే పట్టుకుని తిప్పుతుంది. మెషిన్‌కి గుండెకాయ ఇదే. ఇది సరిగ్గా లేకపోతే మిగతాది ఎంత బాగున్నా దండగే.

మొదటి ప్రశ్న: ఏం కోస్తారు?

స్పిండిల్ ఏది మంచిది అని అడగడం, ఏ బండి మంచిది అని అడిగినట్టే. ధాన్యం బస్తాలు వేసుకెళ్ళాలా, ఆఫీసుకి వెళ్ళాలా? అది తేలాకే బండి సంగతి.

ప్రతి మెటీరియల్‌కీ ఒక కటింగ్ స్పీడ్ ఉంటుంది. అంటే కట్టర్ అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు పరిగెత్తాలి అని. కట్టర్ కంపెనీలు వాళ్ళ క్యాటలాగ్‌లో ఇస్తాయి. దాన్నుంచి ఆర్‌పీఎం రావాలంటే చిన్న లెక్క: కటింగ్ స్పీడ్‌ని 1000తో గుణించండి, వచ్చినదాన్ని 3.14తో, మళ్ళీ మిల్లీమీటర్లలో కట్టర్ వ్యాసంతో భాగించండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ఇప్పుడు రెండు ఉదాహరణలు. అల్యూమినియం మీద 3 మిల్లీమీటర్ల కార్బైడ్ కట్టర్, స్పీడ్ 300 మీటర్లు అనుకుందాం. లెక్క వేస్తే దాదాపు 31,800 ఆర్‌పీఎం. అదే ఉక్కు మీద 80 మిల్లీమీటర్ల ఫేస్ మిల్, స్పీడ్ 180 మీటర్లు. వచ్చేది దాదాపు 716 ఆర్‌పీఎం.

చూశారా తేడా? ఒకదానికి ముప్పై వేలు, ఇంకోదానికి ఏడు వందలు. ఈ రెండూ చక్కగా చేసే ఒకే స్పిండిల్, అదీ చవగ్గా, దొరకదు. ఎవరైనా "అన్నిటికీ ఇదొక్కటే చాలు సార్" అంటే అక్కడే ఆగి ఆలోచించండి.

రెండో ప్రశ్న: టార్క్ ఎంత?

ఇదే అసలు పాయింట్. కిలోవాట్లు అంటే పవర్. కానీ కట్టర్‌ని లోహంలోకి తిప్పే బలం టార్క్. ఈ రెంటికీ సంబంధం ఇది: టార్క్ కావాలంటే కిలోవాట్లని 9550తో గుణించి ఆర్‌పీఎంతో భాగించాలి. న్యూటన్ మీటర్లలో వస్తుంది.

రౌటర్ల మీద మామూలుగా కనిపించే 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ తీసుకుందాం. రెండు పోల్ మోటార్, డ్రైవ్ నుంచి 400 హెర్ట్జ్ ఇస్తే 24,000 ఆర్‌పీఎం తిరుగుతుంది. లెక్క వేయండి. టార్క్ 0.88 న్యూటన్ మీటర్లు. అంతే! స్పీడ్ తగ్గిస్తే టార్క్ పెరుగుతుందా? పెరగదు. ఇలాంటి మోటార్‌లో టార్క్ దాదాపు అంతే ఉంటుంది, పవరే పడిపోతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఆ 2.2 కిలోవాట్లు కాస్తా 0.55 అయిపోతుంది. 716 దగ్గర మిగిలేది దాదాపు 65 వాట్లు. ఒకప్పటి బల్బంత అన్నమాట.

దీని మీద మా ఇంట్లో జరిగిన విషయం చెప్తా. మా బాబాయి కొడుకు మెకానికల్ డిప్లొమా చేసి, నాలుగేళ్ళు జీడిమెట్లలో ఆపరేటర్‌గా పనిచేశాడు. ఇప్పుడు చిన్న షెడ్ అద్దెకి తీసుకుని సొంతంగా మొదలుపెడదామని చూస్తున్నాడు. పిన్ని నగలు బ్యాంకులో పెట్టారు. మెషిన్ అమ్మే ఆయన 24,000 ఆర్‌పీఎం మెషిన్ చూపించి, ఇనుము, అల్యూమినియం, చెక్క అన్నీ కోస్తుందన్నాడట. వీడు నాకు ఫోన్ చేసి, "అన్నా, 2.2 కిలోవాట్లు మన పనికి సరిపోతాయా?" అని అడిగాడు.

"నీకొచ్చే జాబ్‌లేంట్రా?" అన్నాను. ఎక్కువ భాగం ఎంఎస్ ప్లేట్లు, ఫేసింగ్, డ్రిల్లింగ్. కొంచెం అల్యూమినియం.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 80 మిల్లీమీటర్ల ఫేస్ మిల్, వెడల్పు 60, లోతు 2 మిల్లీమీటర్లు, ఫీడ్ నిమిషానికి 400. అంటే నిమిషానికి 48 ఘనపు సెంటీమీటర్ల లోహం తీయాలి. మామూలు ఉక్కుకి సుమారుగా 1.6 కిలోవాట్లు కావాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 2.2 ఉంది, 1.6 చాలు, ఇంకేం అనుకుంటారు. కానీ ఆ 1.6 కావాల్సింది 716 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ లెక్కలో అది 21 న్యూటన్ మీటర్లు. మన దగ్గరున్నది 0.88. ఇరవై నాలుగు రెట్లు తక్కువ! కట్టర్ ఉక్కుని తాకగానే స్పిండిల్ ఆగిపోతుంది, లేదా డ్రైవ్ ట్రిప్ అవుతుంది.

చివరికి వాడు సెకండ్ హ్యాండ్‌లో బీటీ40 టేపర్ ఉన్న బెల్ట్ డ్రైవ్ వీఎంసీ తీసుకున్నాడు. మోటార్ 5.5 కిలోవాట్లు, 1500 ఆర్‌పీఎం దగ్గర పూర్తి పవర్ ఇస్తుంది. అంటే 1500 వరకు 35 న్యూటన్ మీటర్ల టార్క్. కావాల్సింది 21, ఉన్నది 35. హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు.

మరి పోగొట్టుకున్నది ఏమీ లేదా? ఉంది. ఆ మెషిన్ 6,000 ఆర్‌పీఎం దాటదు. 3 మిల్లీమీటర్ల కట్టర్‌తో చేసే పని, 24,000 మెషిన్ మీద గంటలో అయ్యేది, వాడి దగ్గర నాలుగు గంటలు పడుతుంది. అలాంటి జాబ్‌లు వేరే షెడ్‌కి ఇచ్చేస్తున్నాడు. నెలంతా వచ్చే పనికి మెషిన్ కొనాలి, ఎప్పుడో ఒకసారి వచ్చే పనిని బయటికి ఇవ్వాలి.

అదే టేకు తలుపుల మీద లక్ష్మీదేవి బొమ్మ, లతలు చెక్కేవాళ్ళకైతే లెక్క తిరగబడుతుంది. వాళ్ళకి ఆ 24,000 స్పిండిలే కరెక్ట్. 35 న్యూటన్ మీటర్లు ఇచ్చినా వాళ్ళకి అక్కర్లేదు.

మూడో ప్రశ్న: ఆ కిలోవాట్లు ఎంతసేపు?

బ్రోషర్‌లో చిన్న అక్షరాలు చదవండి. ఎస్1 అంటే ఆ పవర్‌ని ఆపకుండా ఇవ్వగలదు. ఎస్6 40 శాతం అంటే, సాధారణంగా పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఆ లోడ్, మిగతా ఆరు నిమిషాలు ఖాళీగా తిరగాలి. ఒకే మోటార్‌కి ఎస్6 నంబర్ ఎప్పుడూ పెద్దగా ఉంటుంది. రెండు మెషిన్లు పోల్చేటప్పుడు ఒకదాని ఎస్1ని ఇంకోదాని ఎస్6తో పోల్చారంటే, నెల జీతాన్ని బోనస్‌తో పోల్చినట్టే. టార్క్ గ్రాఫ్ అడగండి. ఆ గ్రాఫ్ ఇవ్వనివాళ్ళ దగ్గర జాగ్రత్త.

నాలుగో ప్రశ్న: ఎలా తిప్పుతుంది, ఎలా పట్టుకుంటుంది?

బెల్ట్ డ్రైవ్ చవక. పుల్లీ సైజు మార్చి టార్క్ పెంచుకోవచ్చు, రిపేర్ సులువు. కానీ కొంచెం చప్పుడు, వైబ్రేషన్ ఉంటాయి. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటార్‌ని కప్లింగ్‌తో నేరుగా కలుపుతారు, స్మూత్‌గా తిరుగుతుంది. ఇక బిల్ట్-ఇన్ మోటార్ స్పిండిల్‌లో మోటార్ లోపలే ఉంటుంది. స్పీడ్ బాగా వస్తుంది, కానీ వేడి కూడా లోపలే పుడుతుంది. చిల్లర్ తప్పనిసరి, పాడైతే ఖర్చు గట్టిగా తగులుతుంది.

బేరింగ్‌ల దగ్గర ఒక బేరం ఉంది. పెద్ద బేరింగ్ వేస్తే స్పిండిల్ గట్టిగా నిలబడుతుంది, కానీ స్పీడ్ తగ్గుతుంది. సిరామిక్ బాల్స్ ఉక్కు కంటే సగానికి పైగా తేలిక, అందుకే హై స్పీడ్‌కి వాటిని వాడతారు, ధర ఎక్కువ.

టేపర్ సంగతి. చిన్న రౌటర్లలో ఈఆర్20 కొలెట్ ఉంటే 13 మిల్లీమీటర్ల షాంక్ వరకు పట్టుకుంటుంది. బీటీ30, 40, 50 అంటే నంబర్ పెరిగేకొద్దీ టూల్ పట్టు, బరువు పెరుగుతాయి. మరీ హై స్పీడ్‌లో బీటీ టేపర్‌తో చిక్కుంది. స్పిండిల్ మూతి కొంచెం విచ్చుకుని టూల్ లోపలికి జరుగుతుంది, లోతు తేడా వచ్చేస్తుంది. జర్మనీలో తయారైన హెచ్‌ఎస్‌కే టేపర్ ముఖం కూడా ఆనుకుని ఉంటుంది కాబట్టి అలా జరగదు.

కొనేరోజు ఏం చెక్ చేయాలి?

పవర్ ఆపి, స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా గరగరమని తగిలితే బేరింగ్ పోయినట్టే. డయల్ పెట్టి రనౌట్ చూడండి. 0.01 మిల్లీమీటరే కదా అనుకోవద్దు. రెండు పళ్ళ చిన్న కట్టర్‌లో ఒక్కో పన్ను 0.02 కోయాలి అనుకోండి, ఆ రనౌట్‌తో ఒక పన్ను 0.03 వరకు కోస్తుంది, రెండోది 0.01తో సరిపెడుతుంది. బరువంతా మోసే ఆ పన్ను ముందు విరుగుతుంది.

తర్వాత అరగంట ఫుల్ స్పీడ్‌లో తిప్పించండి. చప్పుడు మారుతుందా వినండి, వేడి చూడండి. ఉక్కు ఒక మీటర్‌కి, ఒక డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. 200 మిల్లీమీటర్ల స్పిండిల్ 15 డిగ్రీలు వేడెక్కితే 36 మైక్రాన్లు. మన ఎండాకాలంలో రేకుల షెడ్ కింద ఇది చిన్న విషయం కాదు. అందుకే పొద్దున్నే మెషిన్ ఆన్ చేసి పది, పదిహేను నిమిషాలు ఖాళీగా తిప్పాకే పని మొదలుపెట్టండి.

లేత్ కొనేవాళ్ళు ఇంకొకటి చూడాలి: స్పిండిల్ మధ్యలో రంధ్రం ఎంత? 50 మిల్లీమీటర్ల రాడ్ లోపలనుంచి రావాలంటే రంధ్రం అంతకంటే పెద్దదే ఉండాలి. కొన్నాక దాన్ని పెంచలేం.

సో ఫ్రెండ్స్, షోరూమ్‌కి వెళ్ళేముందు ఒక కాగితం తీసుకోండి. మీకు నెలలో ఎక్కువగా వచ్చే ఐదు జాబ్‌లు రాయండి. ఒక్కోదానికి మెటీరియల్, కట్టర్ సైజు, ఆర్‌పీఎం, టార్క్ పక్కన వేయండి. ఆ కాగితం అమ్మే ఆయన ముందు పెట్టి, టార్క్ గ్రాఫ్‌లో ఈ ఐదూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి. ఆయన చూపించగలిగితే, అప్పుడు ధర మాట్లాడండి.

ఈఎంఐ మనం కట్టాలి కాబట్టి లెక్క కూడా మనమే వేసుకోవాలి. షెడ్ పెట్టాలనుకునే ఫ్రెండ్ మీకు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!