న్యూక్లియర్ మెడిసిన్: రేపటి భౌతికశాస్త్రం పని



అర్ధాయువు లెక్కలు మీరు తరగతిలో చేసే ఉంటారు. ఆ లెక్కకూ రోగి క్షేమానికీ ఉన్న సంబంధాన్ని ఈ రోజు తెలుసుకుందాం.

న్యూక్లియర్ మెడిసిన్‌లో రేడియోధార్మిక మందును శరీరంలోకి పంపి, లోపలి నుంచి వెలువడే గామా కిరణాలను కెమెరాతో పట్టుకుంటారు. పరీక్షలకు ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు 6 గంటలు. అంటే 24 గంటల్లో అది 16వ వంతుకు తగ్గిపోతుంది.

ఇక చికిత్స సంగతి చూద్దాం. లుటీషియం-177 అర్ధాయువు సుమారు 6.65 రోజులు. దాని బీటా కిరణాలు కణితిని దెబ్బతీస్తాయి. వాటితోపాటు వచ్చే గామా కిరణాలు మందు ఎక్కడ చేరిందో చూపిస్తాయి. కొన్ని న్యూరోఎండోక్రైన్ కణితులకు ఈ మందును 7.4 గిగాబెకరెల్ చొప్పున, ఎనిమిది వారాలకొకసారి, నాలుగుసార్లు ఇవ్వడం ప్రామాణిక పద్ధతి. సాధారణంగా అందరికీ అదే అంకె.

అందరి శరీరాలూ ఒకటేనా? కాదు. మందు రెండు విధాలుగా తగ్గుతుంది: పరమాణువులు క్షయమవుతాయి, శరీరం కూడా దాన్ని బయటికి పంపుతుంది. ఈ రెండు అర్ధాయువుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే ప్రభావ అర్ధాయువు వస్తుంది.

ఇద్దరు రోగులను ఊహించండి. ఇద్దరి మూత్రపిండాల్లోనూ సమానంగానే మందు చేరింది. శరీరం వల్ల అది సగానికి తగ్గడానికి ఒకరికి 3 రోజులు, మరొకరికి 6 రోజులు పడుతుందనుకుందాం. ప్రభావ అర్ధాయువులు సుమారు 2.1, 3.2 రోజులు అవుతాయి. అంటే రెండోవారి మూత్రపిండాలు ఒకటిన్నర రెట్లు ఎక్కువ రేడియేషన్‌ను భరించాలి. మోతాదు మితిమీరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. భయపడి తగ్గిస్తే కణితి మిగిలిపోతుంది.

అందుకే రేపటి భౌతికశాస్త్రం చేయవలసిన ముఖ్యమైన పని, ఏ రోగికి ఎంతో కొలిచి చెప్పడం. చికిత్స తర్వాత వేర్వేరు రోజుల్లో చిత్రాలు తీసి, ఒక్కొక్క అవయవం ఎన్ని గ్రేల రేడియేషన్‌ను శోషించుకుందో లెక్కించాలి. తర్వాతి మోతాదును వైద్యులు దాన్నిబట్టి నిర్ణయించగలగాలి. ఆక్టీనియం-225 విషయంలో ఈ పని మరింత కష్టం. దాని ఆల్ఫా కణాలు కణజాలంలో మిల్లీమీటరులో పదో వంతు దూరమైనా వెళ్లవు. చిత్రానికి పనికొచ్చే గామా కిరణాలు కూడా తక్కువే.

భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఆపై రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా పొందినవారు ఆసుపత్రుల్లో ఈ పని చేయవచ్చు. ముందుగా, నేను చెప్పిన లెక్కను మీరే ఒకసారి కాగితం మీద చేసి చూడండి.