కాటా నుంచి ట్రక్ షీట్ దాకా

(మండల రైతు సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కరోనా కాలంలో వ్యవసాయాన్ని సెల్‌ఫోను కాపాడిందని ఈమధ్య సభల్లో తరచూ వింటున్నాం. అందులో నిజమెంతో మన కల్లాల దగ్గర నిలబడి చూసుకుందాం. కొత్త యంత్రాలకు మనం వ్యతిరేకులం కాదు. రాళ్ల కాంటా పోయి అంకెల కాటా రావాలని కొట్లాడింది మనమే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికి యాసంగి వరి గింజ గట్టిపడుతోంది, నల్లగొండ తోటల్లో బత్తాయి చెట్ల మీదే ఉంది, నిజామాబాద్ వైపు పసుపు అమ్మకానికి సిద్ధంగా ఉంది. వ్యవసాయ పనులకు, కోత మిషన్ల రాకపోకలకు మినహాయింపు ఇస్తూ కేంద్రం మార్చి 27న ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీలో కాగితం రెండు రోజుల్లో తయారైంది గానీ, చెక్‌పోస్టు దగ్గర లాఠీ పట్టుకున్నాయన దాకా రావడానికి ఎన్నాళ్లు పట్టిందో మీకు తెలుసు.

ఏప్రిల్ 2న ఈ-నామ్‌లో కొత్త ఏర్పాట్లు చేశామన్నారు. సరుకు యార్డుకు తేకుండా గోదాములో ఉంచి, ఆ రసీదు మీదనే అమ్ముకోవచ్చన్నారు. ఏప్రిల్ 17న లారీ బుక్ చేసుకునే కిసాన్ రథ్ యాప్ వచ్చింది. ఆలోచన చెడ్డది కాదు. కానీ రసీదు కావాలంటే గుర్తింపు పొందిన గోదాము దగ్గర్లో ఉండాలి, ధర వచ్చేదాకా ఆగే శక్తి రైతుకుండాలి. అప్పులాయన గుమ్మంలో కూర్చుంటే ఎన్నాళ్లు ఆగుతాం? నిజామాబాద్ యార్డు 2016లోనే ఈ-నామ్‌లో చేరిన తొలి 21 మార్కెట్లలో ఒకటి. అయినా పసుపు కొమ్మును వ్యాపారి చేత్తో విరిచి చూడాల్సిందే, బస్తాను హమాలీ భుజాన మోయాల్సిందే. యార్డు గేటు మూస్తే కంప్యూటరులో వేలం పాడేదేముంది?

మరి నిజంగా పనిచేసిందేది? సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి బయలుదేరిన కిసాన్ రైలు పనిచేసింది. దక్షిణాదిన అదే మొదటిది. తెలంగాణలో కొనుగోలు కేంద్రం ఊళ్లోకి రావడం పనిచేసింది. మహిళా సంఘాలు, సహకార సంఘాలు టోకెన్లు ఇచ్చి, గుంపులు కాకుండా వడ్లు కొన్నాయి. క్వింటాలు ఏ గ్రేడుకు మద్దతు ధర 1,835 రూపాయలు, డబ్బు బ్యాంకు ఖాతాలో. ఆ కష్టకాలంలో అది చిన్న సంగతి కాదు, ఒప్పుకోవాలి. అయితే బెంగాల్ జనపనార మిల్లులు మూతపడగానే గోనె సంచులకు కరువొచ్చింది. బస్తాలెత్తే బీహారీ కూలీలు వాళ్ల ఊళ్లలో చిక్కుకుపోతే, మే నెలలో ఖగడియా నుంచి లింగంపల్లికి రైలు నడిపి మరీ తీసుకొచ్చారు. సంచీ, హమాలీ లేనిదే ఏ యాప్ కదలదు.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. కేంద్రంలో తేమ 17 శాతం లోపుందని చూసి, మన ముందే కాటా వేసి, సంచి కుట్టారు. లారీ మిల్లుకు పోయింది. అక్కడ తాలు, తరుగు అని బస్తాకు ఇన్ని కిలోలు కోశారు. మిల్లు ఒప్పుకున్నాకే ట్రక్ షీట్, ట్రక్ షీట్ వచ్చాకే ట్యాబ్‌లో ఎంట్రీ. మన ఫోనుకు మెసేజ్ వచ్చేసరికి బస్తాలు తగ్గి ఉన్నాయి. కాటాకు, మిల్లుకు మధ్య ఏం జరిగిందో ఏ యంత్రమూ రాసుకోలేదు. రాయలేక కాదు, రాయమని ఎవరూ చెప్పలేదు. లారీ ఎక్కడుందో చూపించే పరికరం బిగించగలిగినవాళ్లకు, కాటా అంకెను నేరుగా ట్యాబ్‌లోకి పంపడం చేతకాదా?

ఇక కౌలు రైతు. పండించింది ఆయన, పాసుపుస్తకం పట్టాదారుది, డబ్బు పడేది పట్టాదారు ఖాతాలో. 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమే తీసేశారు. ఆంధ్రాలో 2019 చట్టం సాగు హక్కు పత్రం ఇస్తానంది, దానికీ భూయజమాని సంతకం కావాలంది. రేపు దేశమంతటికీ రైతు గుర్తింపు సంఖ్య అంటున్నారు, అదీ భూమి రికార్డు మీదనే. రికార్డులో లేని మనిషి కంప్యూటరుకెలా కనిపిస్తాడు? మళ్లీ ఏ మహమ్మారో వచ్చి అంతా ఫోను మీదనే నడపాల్సి వస్తే, మొదట తప్పిపోయేది ఆయనే.

అందుకే ఈసారి కొనుగోళ్లు మొదలయ్యే ముందే మనం కలెక్టరును కలుద్దాం. కేంద్రంలో కాటా వేసిన వెంటనే బరువు, తేమ, సంచుల లెక్కతో రసీదు ఇవ్వాలి. ఆ రసీదు చేతికొచ్చాక కోతకు రైతు బాధ్యుడు కాకూడదు. కౌలుదారు పేరున అమ్మకం రాసుకొని, డబ్బు ఆయన ఖాతాలోనే వేయాలి. మీ దగ్గర పాత కాటా చీటీలు, ఫోనుకొచ్చిన మెసేజ్‌లు ఉంటే పారేయకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరూరా తేడా లెక్క కడుతున్నాం. ఆ కాగితాలు తీసుకొని సంఘం ఆఫీసుకు రండి.