చెవితో వినే మెనూ

నాకు చూపు లేదు. జాస్ స్క్రీన్ రీడర్‌కి స్క్రిప్టులు రాస్తుంటాను. మొదట్లో మా ఆఫీసు అకౌంట్స్ ప్రోగ్రాముకి ఉత్సాహం కొద్దీ 40 హాట్‌కీలు పెట్టాను. నాలాగే చూపులేని సహోద్యోగినికి, పాపం, నాలుగే గుర్తున్నాయి. పైగా బాకీ చదవడానికి నేను పెట్టిన కంట్రోల్ ఎస్ అసలు సేవ్ చేసే కీ! బాకీ వినపడగానే సేవ్ అయిందనుకున్నారావిడ. ఆ పూట పనంతా పోయింది. ఇన్సర్ట్, 3 కలిపి నొక్కితే తర్వాతి కీ నేరుగా ప్రోగ్రాముకే వెళ్తుందని నేను చెప్పనే లేదు.

తర్వాత రోజూ వాడే 5 పనులకే కీలు ఉంచి, మిగతావి ఒకే మెనూలో వేశాను. వినేవాళ్ళకి అసలు మాట ముందు రావాలి. “కస్టమరు ఖాతాలో బాకీ” అంటే చివరిదాకా ఆగాలి. “బాకీ” అని మొదలైతే వెంటనే ఎంటర్ కొడతారు. ఇన్సర్ట్ హెచ్ నొక్కితే కీలన్నీ వినిపించేలా కూడా రాశాను.

ఈసారి కీలు ఆవిడే ఎంచారు. సేవ్ జోలికి మాత్రం వెళ్ళొద్దన్నారు.