పేగులకూ కూడు పెడదాం



మా ఉరుకుంద అవ్వలు జొన్నరొట్టె, కొర్రన్నం తిని పెరిగినారు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీరింది, మంచిదే. కానీ రానురాను మూడు పూటలా తెల్లన్నమే అయింది. ఇప్పుడు మేము మీటింగులో కూర్చుంటే పొదుపు లెక్కతో పాటు షుగర్ మాత్రల ఖర్చూ మాటల్లోకి వస్తోంది.

మన పెద్దపేగులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి. జొన్న, కొర్ర, పప్పు, ఆకుకూరల్లోని పీచు మనకు అరగదు, వాటికి అదే కూడు. అది తిని అవి చేసే ఆమ్లాలు పేగు గోడను కాపాడతాయి, ఇన్సులిన్ బాగా పనిచేయడానికి సాయపడతాయి.

అందుకే రాత్రికి రొట్టె, పప్పు, ఆకుకూర, తిన్నాక కాసేపు నడక అని మేము అనుకున్నాం. డాక్టరు చెప్పకుండా మాత్రలు మాత్రం ఆపొద్దు. పొదుపు మాదిరే ఇదీ ఒక్కరోజులో పెరగదు, రోజూ వేస్తేనే నిలుస్తుంది.