వాకిట్లో పడిన వాన
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కిందటేడు మన సంఘం తరఫున, రాజాంలోనే, మూడో తరగతి పిల్లలకి నీటి చక్రం గురించి చెప్పమన్నారు. ముప్ఫై ఏళ్లుగా నీటి పనులు చేస్తున్న ఇంజనీరుని, ఇదెంత పని అనుకున్నాను. మనమంతా పరీక్షల్లో వేసిన బొమ్మే నల్లబల్ల మీద వేశాను. సముద్రం, మబ్బు, కొండ, నది, మధ్యలో బాణాలు. పిల్లలు బుద్ధిగా చూశారు. ఒక్కరూ ఏమీ అడగలేదు. అర్థం కాలేదని అప్పుడే తెలిసింది.

మర్నాడు బొమ్మ మానేశాను. వరండా గచ్చు మీద చెంబెడు నీళ్లు ఒంపి, చుట్టూ సుద్దముక్కతో గీత గీయించాను. అరగంటకోసారి మళ్లీ గీత. మడుగు చిన్నదవుతూ పోయింది. "నీరెక్కడికెల్లిపోనాది సార్?" అని వాళ్లే అడిగారు. కంటికి కనబడని ఆవిరై గాలిలోకి పోయిందన్నాను.

నమ్మాలి కదా! స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఐసుముక్కలు వేశాను. కాసేపటికి గ్లాసుకి చెమట పట్టింది. గ్లాసు కారుతోందన్నారు. లోపలి నీళ్లలో ఎర్రరంగు కలిపి, బయట తుడిచి, మళ్లీ చూడమన్నాను. బయటి చుక్కలకి రంగు లేదు. అవి గాలిలోంచే వచ్చాయని ఒప్పుకున్నారు. పైన చల్లదనానికి ఆవిరి ఇలాగే సన్నని చుక్కలైతే అదే మబ్బు అన్నాను.

సముద్రం ఉప్పన కదా, వాననీరు ఎందుకు ఉప్పగా ఉండదని ఒక పాప అడిగింది. నౌపడ ఉప్పుమడుల సంగతి చెప్పాను. ఎండకి నీరు లేచిపోతుంది, ఉప్పు మడిలోనే ఉండిపోతుంది.

తర్వాత నది. మన నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, సంగాం దగ్గర సువర్ణముఖిని, వేగావతిని కలుపుకుని, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నదులన్నీ నిండటానికి ఒక్క వాన సరిపోదని ఒకప్పుడు ఐరోపా పండితులు చాలామంది అనుకునేవారు. ఫ్రాన్సులో పియరీ పెర్రో అనే ఆయన సీన్ నది ఎగువన కురిసిన వానని లెక్కగట్టి 1674లో పుస్తకం వేశాడు. నదిలో పారేది ఆ వానలో ఆరో వంతేనని తేలింది. మరి మిగతా ఐదు వంతులు? కొంత మట్టిలోంచి, చెట్ల ఆకుల్లోంచి మళ్లీ ఆవిరవుతుంది. కొంత భూమిలోకి ఇంకుతుంది. వేసవిలో ఏటి ఇసకలో చెలమ తీస్తే ఊరేదీ, నూతిలో ఊరేదీ అలా ఇంకిన నీరే.

అప్పుడు వెనక వరసలోంచి మా వీధి కుర్రాడు లేచాడు. "మీ వాకిలంతా గచ్చే కద సార్, మరక్కడ నీరెలా దిగుతాది?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. పదేళ్ల కిందట అమ్మ వద్దంటున్నా, బురద అవుతోందని ఆ గచ్చు చేయించింది నేనే. మా వాకిలి పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ఒక్క సెంటీమీటరు వాన పడితే 600 లీటర్లు. అదంతా కాలవలోకి తోలేశాను. నా చిన్నప్పుడు వేసవిలోనూ చేదకి అందిన మా నూతిలో ఇప్పుడు ఉగాది దాటితే నీరుండదు. మా గచ్చు ఒక్కటే కారణమని అనను. బోర్లున్నాయి, వీధిలో అందరి వాకిళ్లూ అలాగే ఉన్నాయి. కానీ బాణాల బొమ్మకి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నా ఇంట్లో ఒక బాణం నేనే చెరిపేశాను.

ఆ వేసవిలోనే సగం గచ్చు పగలగొట్టించి, ఇంకుడు గుంత తీయించాను. నుయ్యి నిండిపోయిందని చెప్పను. ఈ వానలకి వాకిట్లో నీరు వీధిలోకి పోలేదు, అంతవరకు చెప్పగలను.

ఇదంతా ఎందుకంటే, స్వర్ణోత్సవ కానుకగా బడి ఆవరణ అంతా సిమెంటు చేయిద్దామన్న ఆలోచన మనలో ఉంది. నా మనవి ఒక్కటే. పిల్లలు నడిచే దారి వరకు చేయిద్దాం. మిగతా నేల, మనం ఆడి మోకాళ్లు దోక్కుపోయిన నేల, మట్టిగానే ఉండనిద్దాం. ఆ డబ్బుతో నాలుగు ఇంకుడు గుంతలు తీయించి, వాటి పక్కనే నీటి చక్రం పాఠం చెబుదాం.