వేలాడితేనే మోగుతుంది

పింఛను, డి.ఎ. సంగతులు ముందు వక్తలు చెప్పేశారు గనుక నేను ట్రయాంగిల్ వాద్యం గురించి నాలుగు మాటలు చెబుతాను. నవ్వకండి.

చిన్నప్పుడు పలాసలో బడి బ్యాండులో నా వంతుకు వచ్చింది అదే. డోలు మోయలేనివాడికి, బూర ఊదలేనివాడికి ఇచ్చే వస్తువది. నేను గుప్పిట పట్టుకొని కొడితే టక్కుమనేది. డ్రిల్లు మాస్టారు దానికి దారం కట్టి, "ఇప్పుడు కొట్టరా" అన్నారు. మైదానం చివరిదాకా వినబడింది. మన భజన తాళాలకూ తాడు అందుకే కదా!

ఇనుప కమ్మీని రెండుచోట్ల వంచి, మూడో మూల కలపకుండా వదిలేస్తారు. అందుకే దానికి ఫలానా స్వరమంటూ ఉండదు, ఏ పాటలోనైనా ఇమిడిపోతుంది. పూర్వం యూరపులో దీనికి చిన్న రింగులు కూడా తగిలించేవారు. 18వ శతాబ్దంలో తురుష్క సైనిక వాద్యాల మోజు పుట్టినప్పుడు పెద్ద డోలు, తాళాలతో పాటు ఇదీ పైకొచ్చింది. మొజార్టు 1782లో ఒక సంగీత నాటకంలో, హైడన్ 1794లో తన 100వ సింఫనీలో వాడారు. 1855లో లిస్ట్ తన పియానో కచేరీలో దీనికి ప్రత్యేక స్థానమిస్తే, వియన్నా విమర్శకుడు హాన్స్‌లిక్ దాన్ని 'ట్రయాంగిల్ కచేరీ' అని వెక్కిరించాడు. మా బడి పిల్లలే నయం.

ఉద్యోగంలో చేరాక మళ్ళీ అదే పాఠం. ఒక చిన్న స్టేషనులో, పేరు వద్దులెండి, గంటకు బదులు రైలుపట్టా ముక్క వేలాడేది. ఒక రాత్రి దాని తీగ తెగింది. కట్టడానికి బద్ధకించి, రాతిమీద పెట్టి కొట్టాను. పదడుగులు కూడా వినబడలేదు. చింతచెట్టు కింద కునుకు తీస్తున్న ముసలమ్మ లేవలేదు, బండి వెళ్ళిపోయింది. కొడుకు విశాఖ ఆసుపత్రిలో ఉన్నాడట. రాత్రంతా ఆమె అక్కడే కూర్చుంది. నాకూ నిద్ర లేదు.

తెల్లారకుండానే కొత్త తీగ కట్టాను. పొద్దున బండికి గంట కొడితే ఆమె మూట ఎత్తుకుంటూ, "రాత్రి కూడా ఇలాగే కొట్టుంటే సరిపోను కదేటి బాబూ" అంది. తిట్టినా బాగుండేది. మూట అందుకొని పెట్టెలో ఎక్కించాను.

శెలవు.