అద్దె సొమ్ము ఎవరి చేతికి, ఏ రుజువుతో?

(పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో నివసించు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సభయందు మా సంఘము పక్షమున చేయబడిన ప్రసంగపాఠము)



కరువు భత్యమును గూర్చియో, పెన్షనును గూర్చియో మేము మాట్లాడుదుమని తలచి మీలో పలువురు వచ్చియుందురు. ఆ విషయములు లేకపోలేదు. కాని నేడు మేము తీసికొన్న విషయము, జీతము చేతికి వచ్చిన వారము దినములలో అందులో పెద్ద వాటా ఏ దారిని పోవుచున్నదన్నది. అద్దె ఎంత ఉండవలెనన్న పోరాటము వేరు. ఉన్న అద్దెను ఎవరి చేతికి, ఏ విధముగా, ఏ రుజువుతో ఇయ్యవలెనన్నదే ఇప్పటి ప్రశ్న. సంఘము గదికి సభ్యులు తెచ్చు కాగితములలో బదిలీ దరఖాస్తులతో పాటు ఇంటి యజమానులు వ్రాసిన చిత్రవిచిత్రమైన చీటీలు కనబడుచున్నవి గనుక ఈ సభను ఏర్పాటు చేసితిమి.

యానామునుండి, ఆంధ్ర జిల్లాలనుండి ఉద్యోగరీత్యా ఇక్కడకు వచ్చి, మణికూండు చుట్టుపట్ల వీధులలో ఇండ్లు తీసికొనిన మనవారి ఇక్కట్లలో మొదటిది భాష. పేట పేరులో మన ముత్యాలు ఉన్నట్లు తోచినను, స్టాంపు కాగితము మీద ఉండునది తమిళము. పాత దస్తావేజులలో ఫ్రెంచి కూడ తగులును. చదువలేని కాగితము మీద సంతకము చేసి, "ఏదో అందరికీ ఉండేదేగా" అని జేబులో పెట్టుకొను అలవాటు మనలో మెండు. తమిళము తెలిసిన సహోద్యోగిచేత అక్షరమక్షరము చదివించుకొనక చేవ్రాలు చేయరాదు. ఈ మాట చెప్పుటకు కారణమైన ఉదంతమును ముందుగా వినిపించెదము. ఆ సోదరుడు పేరు చెప్పవద్దని కోరి, కథ మాత్రము చెప్పుటకు సమ్మతించినాడు.

తపాలా సార్టింగు పనిలోనున్న ఆ సోదరుడు నెలకు తొమ్మిది వేల అద్దెతో రెండేండ్లు ఒక ఇంటిలో ఉన్నాడు. ఒకనాడు యజమాని వచ్చి, "సార్, నెలనెలా ఈ తొమ్మిది వేలు మీకెందుకు భారము? అయిదు లక్షలు ఒక్కసారిగా ఇయ్యండి. మూడేండ్లు అద్దె లేకుండ ఉండండి. పోయేనాడు మీ అయిదు లక్షలు మీకు" అన్నాడు. ఈ ప్రాంతమున దీనిని లీసు అనియు, భోగ్యము అనియు చెప్పుకొందురు. మూడేండ్లకు మూడు లక్షల ఇరువది నాలుగు వేల అద్దె మిగులునని మన సోదరుడు లెక్క వేసికొన్నాడు. సొసైటీలో ఋణము తీసినాడు. భవిష్యనిధినుండి కొంత తీసినాడు. మూడు లక్షలు బ్యాంకు ద్వారా పోయినవి. మిగిలిన రెండు లక్షలు "పన్నువాళ్ళ గొడవ ఎందుకు" అని యజమాని నగదుగా పుచ్చుకొన్నాడు. ఇరువది రూపాయల స్టాంపు కాగితము మీద తమిళమున ఒక ఒప్పందము వ్రాసికొన్నారు. పదునాలుగు నెలలు గడచినవి. ఒక ఉదయము డ్యూటీ దిగి ఇంటికి రాగా తలుపు మీద ఒక బ్యాంకు అంటించిన నోటీసు ఉన్నది. ఆ ఇంటి దస్తావేజును యజమాని అంతకు మునుపే బ్యాంకులో కుదువబెట్టి అప్పు తీసి, వాయిదాలు కట్టుట మానినాడు.

నేడు ఆ సోదరుడు వేరొక ఇంటికి అద్దె కట్టుచున్నాడు. సొసైటీ వాయిదా అతని జీతపు చీటీలో ప్రతి నెలా కోతపడుచునే యున్నది. మూడు లక్షలకు బ్యాంకు చిట్టా సాక్ష్యమున్నది. రెండు లక్షలకు అతని భార్య సాక్ష్యము తప్ప వేరేమియు లేదు.

ఇందులో ఎచ్చట తప్పటడుగు పడినదో చూతము. పెద్ద మొత్తమిచ్చి, వడ్డీకి బదులుగా ఇంటిని అనుభవించుట మామూలు అద్దె కాదు. అది భోగ్యపు తనఖా స్వభావము గలది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలకు తక్కువ కాని తనఖా, దస్తావేజులను కుదువబెట్టు రకము తప్ప, రిజిస్టరు కావలెను. నూరు రూపాయలకే ఈ నియమమున్నప్పుడు, అయిదు లక్షలకు ఇరువది రూపాయల కాగితము ఎట్లు నిలుచును? అప్పు ఎగవేతకు గురియైన ఇండ్లను స్వాధీనపరచుకొనుటకు బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టము అధికారమిచ్చినది. ఆ చట్టపు చర్యల నడుమ చిక్కిన అద్దెదారుల విషయమై సుప్రీంకోర్టు 2019లో ఇచ్చిన తీర్పులో, రిజిస్టరు కాని కాగితముతోనో నోటిమాటతోనో ఇల్లు పట్టినవాడు ఒక్క సంవత్సరమునకు మించి హక్కు చెప్పుకొనజాలడని పలికినది. మన సోదరుని పదునాలుగు నెలలను దీని ప్రక్క పెట్టి చూడుడు.

రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఎన్‌కంబ్రెన్సు సర్టిఫికెట్టు తీసికొనుట మంచిదే. కాని దస్తావేజును కేవలము బ్యాంకు చేతికిచ్చి చేసిన తనఖా అందులో ఒక్కొక్కప్పుడు కనబడదు. 2011 నుండి పనిచేయుచున్న సెర్సాయి అను కేంద్ర రిజిస్ట్రీలో, బ్యాంకులు నమోదు చేసిన తనఖాలను స్వల్ప రుసుముతో ఎవరైనను వెదకవచ్చును. అన్నిటికంటె సులువైన పరీక్ష, మూల దస్తావేజును చూపుమనుట. నకలు చూపి అసలు ఊరిలో ఉన్నదనినచో, ఆ ఊరు బ్యాంకు ఇనుపపెట్టె కావచ్చును.

మరియొక సంగతి మనవారిలో చాలమంది మరచుచున్నారు. తపాలావారికి వర్తించు 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోను, రైల్వేవారికి వర్తించు 1966 నాటి నియమావళిలోను 18వ నియమము, స్థిరాస్తిని కౌలు, తనఖా, కొనుగోలు మొదలగు ఏ రీతిని సంపాదించినను ముందుగా అధికారికి తెలుపవలెనని చెప్పుచున్నది. భోగ్యమునకు దిగువాడు డబ్బు పోగొట్టుకొనుటయే గాక సంజాయిషీ నోటీసు కూడ పుచ్చుకొను ప్రమాదమున్నది. నగదు సంగతియు అంతే. 2017 ఏప్రిల్ 1 నుండి ఒకే వ్యవహారమున రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. జరిమానా పుచ్చుకొన్నవానికే గాని, అట్టి నగదు ఇచ్చితినని న్యాయస్థానమున ధైర్యముగా చెప్పుకొనలేని స్థితి మాత్రము ఇచ్చినవానిది.

ఇక నెలనెలా కట్టు మామూలు అద్దెకు వత్తము. "ఈ నెలనుండి మా బావమరిది ఖాతాలో వేయండి", "నా చీటీ వాయిదా మీరు కట్టివేయండి, అద్దెలో చెల్లు", "రసీదు ఆరు వేలకే ఇస్తాను, చేతికి పదివేలు ఇయ్యండి". ఇట్టివి మేము చూచినవే. ఇవన్నియు మోసములని మేమనము. యజమానికి నిజముగా ఏదో అవసరముండవచ్చును. అయినను, రేపు ఆ యజమానియే "మూడు నెలలుగా అద్దె లేదు" అని దావా వేసినచో, బావమరిది ఖాతాలో పడిన సొమ్ము ఇంటి అద్దెయేనని రుజువు చేయవలసిన భారము మన మీద పడును. ఆ కోరికను యజమాని తన సంతకముతో, ఏ నెలనుండి, ఎవరి పేర, ఏ ఖాతాకు అని వ్రాసి ఇచ్చినచో కట్టవచ్చును. వ్రాయుటకు జంకినచో పాత ఖాతాలోనే కట్టవలెను. ఫోనులో పంపునపుడు వ్యాఖ్య గడిలో "జూన్ నెల ఇంటి అద్దె" అని రెండు ముక్కలు వ్రాయుట మరువరాదు. నగదు తప్పనిసరియైనచో రసీదు అడుగుడు. అయిదు వేలు దాటిన రసీదుకు రూపాయి రెవిన్యూ బిళ్ళ ఉండవలెను. చీటీ వాయిదాల జోలికి మాత్రము పోవద్దు. ఆ చీటీ మునిగిననాడు మీరు యజమానికి అద్దెదారులా, చీటీకి పూచీదారులా అన్నది తేలుటకు ఏండ్లు పట్టును.

తక్కువ రసీదు విషయమున మరియొక మాట. పాత పద్ధతిలో పన్ను లెక్క వేయించుకొనువారు ఇంటి అద్దె భత్యము మీద మినహాయింపునకు ఆ రసీదులనే చూపుదురు. ఏడాది అద్దె లక్ష దాటినచో యజమాని పాన్ సంఖ్య కూడ కావలెను. పదివేలిచ్చి ఆరువేల రసీదు పుచ్చుకొన్నవాడు నెలకు నాలుగువేల వరకు మినహాయింపు పోగొట్టుకొనుచున్నాడు. ఆరువేలిచ్చి పదివేల రసీదు వ్రాయించుకొనువారు కూడ మనలో లేకపోలేదు. వారికి మా సంఘము అండగా నిలువజాలదని ఇక్కడనే చెప్పుచున్నాము.

ఫోనులో "నా ఖాతా మారినది, ఇకనుండి దీనికి పంపండి" అని యజమాని పేర వచ్చు సందేశమును నమ్మి పంపరాదు. తెలిసిన నంబరుకు ఫోను చేసి గొంతు వినవలెను, లేక నాలుగడుగులు నడచి వెళ్ళి అడుగవలెను. మోసపోయినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేయుడు. తొలి గంటలలో తెలిపినచో సొమ్మును నిలిపివేయుటకు అవకాశమెక్కువ.

పుదుచ్చేరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. 1962 ఆగస్టు 16న ఈ ప్రాంతము చట్టరీత్యా భారతదేశమున చేరినపుడు ఫ్రెంచి పౌరసత్వమును ఎంచుకొన్న కుటుంబములు ఉన్నవి. వారి సంతతివారు అనేకులు ఫ్రాన్సులో నివసించుచు, ఇక్కడి ఇండ్లను అద్దెకిచ్చుచున్నారు. అద్దె అడుగువాడు మేనల్లుడో, పక్కింటి పెద్దమనిషియో అగును. అతనికి అధికారపత్రము ఉన్నదా అని అడుగుటకు మొగమాటపడరాదు. ఇంతకంటె పెద్ద సంగతి, యజమాని పన్ను లెక్కన విదేశవాసియైనచో, అద్దె చిన్నదైనను, ఇచ్చువాడే అందులోనుండి నూటికి ముప్పదికి పైబడి పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలసియున్నది. కట్టనిచో ఆ బాకీ అద్దెదారునిదగును. తక్కువ రేటుకు యజమాని ఆదాయపు పన్ను శాఖనుండి పత్రము తెచ్చుకొనవచ్చును. "మేనల్లుడికి నగదు ఇయ్యండి చాలును" అను మాటలో ఈ పన్ను బరువు దాగియున్నదని తెలిసిన పిమ్మట ఇల్లు తీసికొనుట, మానుట మీ ఇష్టము.

అన్నిటికంటె అపాయకరమైనది యజమాని అద్దె పుచ్చుకొననని అనుట. "వద్దన్నాడు గదా" అని మనము ఊరకుందుము. ఆరు నెలల తరువాత బాకీదారుడని ఖాళీ దావా వచ్చును. దీనికి విరుగుడు 1960 నాటి మద్రాసు అద్దె నియంత్రణ చట్టములో మెట్లు మెట్లుగా చెప్పబడినది. 1969లో పుదుచ్చేరికై చేయబడిన భవనముల కౌలు, అద్దె నియంత్రణ చట్టము ఆ బాటనే నడచినది. మొదట, ఏ బ్యాంకులో జమ చేయవలెనో పది దినములలో తెలుపుమని యజమానికి నోటీసు. తెలిపినచో అందులో జమ. తెలుపనిచో కమీషను తగ్గించుకొని మనియార్డరు. దానిని కూడ తిప్పివేసినచో అధికారి వద్ద డిపాజిట్టు. యజమాని మరణించి ఇద్దరు కుమారులు చెరియొక వైపు అద్దె నాది నాది అనినచో, నిజమైన సందేహమున్నదని చూపి అధికారి వద్ద కట్టుటకు వేరుగా వీలు కలదు.

ఈ మెట్లలో ఒకదానిని దాటవేసి మరియొకదానికి ఎగబ్రాకరాదు. తమిళనాడు చట్టము క్రింద వచ్చిన ఒక వివాదమున ఒక అద్దెదారుడు మనియార్డరు పంపినాడు, తిరిగి రాగా కోర్టులో కట్టినాడు. కాని బ్యాంకు పేరు అడుగు నోటీసు ఇయ్యలేదు. ఇట్టి మేళ్ళు కోరువాడు చట్టము చెప్పిన క్రమమును తుచ తప్పక పాటింపవలెనని 2002లో సుప్రీంకోర్టు చెప్పినది. డబ్బు దాచుకొనని మనిషి ఇల్లు పోగొట్టుకొన్నాడు. ఇది మాకు కఠినముగానే తోచుచున్నది. అయినను తీర్పు తీర్పే.

మనియార్డరు మాట వచ్చినది గనుక, 1880లో తపాలాశాఖ చేపట్టిన ఆ సేవ గ్రామమున ఉన్న తల్లికి సొమ్ము చేర్చుటకే గాక పట్టణమున అద్దెదారుని ఇల్లు నిలుపుటకు కూడ ఉపకరించినదని తపాలా సోదరులు గర్వపడవచ్చును. 2021లో కేంద్రము రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టములో కూడ, రెండు నెలలు వరుసగా మనియార్డరు పంపి నిరాకరింపబడిన పిమ్మట అధికారి వద్ద కట్టవచ్చునను ఏర్పాటు ఉన్నది. నోటీసును రశీదు వచ్చునట్లు పంపవలెను. 2025లో రిజిస్టర్డు టపా స్పీడ్ పోస్టులో కలిసినదని మీకు మేము చెప్పనక్కరలేదు. కవరు తిరిగి వచ్చినను విప్పక అట్లే దాచుడు. అది యజమాని నిరాకరణకు ముద్రవేసిన సాక్ష్యము.

ఒక హెచ్చరిక. ఇక్కడనుండి ఉత్తరముగా కొద్ది దూరము పోయి కొట్టకుప్పములో ఇల్లు తీసికొన్నవారు తమిళనాడులో ఉన్నారు. అక్కడ 1960 చట్టము పోయి, 2019 ఫిబ్రవరి 22 నుండి కొత్త చట్టము అమలులోనికి వచ్చినది. ఒప్పందమును వ్రాతపూర్వకముగా చేసి అద్దె అధికారి వద్ద నమోదు చేయించవలెను. ఒకే కార్యాలయమున ప్రక్క ప్రక్క బల్లల మీద పనిచేయు ఇద్దరికి రెండు చట్టములు. కనుక నోటీసు పంపుటకు పూర్వము ఆనాటికి అమలునందున్న పాఠమును న్యాయవాదికి చూపించుకొనవలెను.

నోటీసు ఇట్లుండవచ్చును: "మీ ఇంటి అద్దెగా జూన్ నెలకు చెల్లవలసిన రూ. 9,000 మొత్తమును 5వ తేదీన మీకు ఇయ్యజూపగా తాము పుచ్చుకొనలేదు. ఈ నోటీసు ముట్టిన పది దినములలోపల ఆ సొమ్మును, ఇకమీది అద్దెను ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో జమ చేయవలెనో తెలుపగోరుచున్నాను." ఇంతకంటె ఎక్కువ వ్రాయనక్కరలేదు. కోపము అసలే వద్దు. దీని తమిళ ప్రతిని సిద్ధము చేయించి సంఘము గదిలో ఉంచితిమి. యజమానుల చీటీలు ఎవరి వద్దనైనను ఉన్నచో, చివరి మూడు నెలల రసీదులతో సహా సభ ముగియగానే ఈ బల్ల వద్దకు తెండు. తమిళము చదువగల సోదరులిద్దరు ఇక్కడనే కూర్చుందురు.